కప్పు మీది పిట్ట ఎగరకపోయినా ఫర్వాలేదు

చైనా పింగాణీ యూరప్ చేరిన దారుల మీద ఒక కవిత ఉంటే, దాన్ని యానిమేషన్‌గా తీయాలనుకునే వారికి ముందుగా తట్టేది పళ్లెం మీది నీలి పిట్టలను గాల్లోకి ఎగరేయడమే. ముచ్చటగానే ఉంటుంది. కాకపోతే అందరూ ఎరిగిన ఆ జంట పిట్టల బొమ్మ, విల్లో ప్యాటర్న్, చైనాది కాదు. 18వ శతాబ్దం చివర్లో ఇంగ్లండ్ పింగాణీ తయారీదారులు చైనా బాణీలో అల్లుకున్నది. దానికి తగిలించిన ప్రేమకథ కూడా అక్కడిదే. ఆ పిట్టలు ఎగిరితే కొన్నవాడి ఊహ కదులుతుంది గాని సరుకు కదలదు.

కదలాల్సినవి చేతులు. చైనాలో పింగాణీకి పేరుపడ్డ జింగ్‌డెజెన్ ఊరి బట్టీలను చూసిన ఫ్రెంచి మతగురువు దాంత్రకోల్, ఒక్కో పాత్ర డెబ్బై మంది చేతులు మారుతుందని 1712లో ఉత్తరం రాశాడు. అంచు కింద గీత గీసేవాడికి అదొక్కటే పని. పువ్వు గీసేది ఒకడు, రంగు నింపేది మరొకడు. యానిమేషన్‌లోనూ అంతే: ముఖ్యమైన భంగిమలు ఒకరివి, నడిమి బొమ్మలు ఇంకొకరివి, రంగులు వేరొకరివి. విదేశీ ఆర్డర్లకు బొమ్మలు వేసే హైదరాబాద్ కుర్రాళ్లకు ఈ సంగతి విడమర్చి చెప్పక్కర్లేదు. అందుకే ఈ కవితకు సినిమా కన్నా యానిమేషనే తగిన వాహనమని నా వాదన, ఆ చేతుల్ని దాచనంత వరకు.

కవిత చరిత్ర పాఠం కాదు కదా, వివరాలు కుక్కితే ఊపిరాడదు కదా అంటారు. నిజమే, పక్కనుంచి గొంతు వినిపిస్తూ లెక్కలు అప్పజెప్తే ఊపిరాడదు. కానీ మాట చెప్పినదాన్నే బొమ్మ మళ్లీ చెప్పనక్కర్లేదు. 1960లో షాంఘై స్టూడియో తోకకప్పల మీద తీసిన సిరా బొమ్మల చిత్రంలో చాలాచోట్ల ఖాళీ కాగితమే నీరు. సముద్రాన్నీ అలాగే వదిలేసి ఓడ అడుగుకు దిగొచ్చు. 1752లో దక్షిణ చైనా సముద్రంలో మునిగిన డచ్చి ఓడ గెల్డర్‌మాల్సెన్‌లో అసలు సరుకు తేయాకు. తడిసినా చెడని పింగాణీ, రెండు లక్షలకు పైగా పాత్రలు, దాని కిందే ఓడకు బరువుగా పడి ఉంది. 1985లో పైకి తీసేసరికి కొన్ని పాత్రల మీద మెరుగు పైన అద్దిన ఎరుపును ఉప్పునీరు తినేసింది. మెరుగు కింద గీసిన నీలం మాత్రం, ఆ గీతగాడు వదిలిన చోటే ఉంది.