లెక్కల ముచ్చట్లు: ఆరవ మెట్టు

పలకా బలపం దగ్గర ఉంచుకొని చదవండి. 2ను దానితోనే హెచ్చవేస్తే 4. 4ను 4తో హెచ్చవేస్తే 16. ఇలాగే 256, 65,536 వస్తాయి. మొదటి 2తో సహా ఒక్కొక్కదానికీ ఒకటి కలపండి: 3, 5, 17, 257, 65,537. అయిదూ ప్రధాన సంఖ్యలే. 1తోనూ తమతోనూ తప్ప మరి దేనితోనూ నిశ్శేషంగా భాగింపబడవు.

ఆరవది 429 కోట్ల 49 లక్షల 67 వేల 297. ఫ్రాన్సులో న్యాయాధికారిగా ఉంటూ తీరికవేళ లెక్కలు చేసుకొన్న ఫెర్మా, ఇదీ దీని తరువాతివీ కూడా ప్రధాన సంఖ్యలే అయి ఉంటాయని 1640లో వ్రాశాడు. రుజువు తనకింకా చిక్కలేదనీ అప్పుడే ఒప్పుకొన్నాడు. అదీ పెద్దమనిషి తరహా! తొంబై ఏళ్లు ఆ మాట చెల్లింది.

1732లో ఆయిలర్ దానిని 641తో భాగించి చూపాడు. భాగఫలం 67,00,417, శేషం సున్న. ఈ 641 ఎలా తట్టింది? ఆ దారిని ఆయనే తరువాత వివరించాడు. ఈ సంఖ్యను భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా సరే, 64 ఎక్కంలోని అంకె కంటె ఒకటి ఎక్కువగా ఉండి తీరాలి. అటువంటివి వరుసగా 193, 257, 449, 577, 641. అయిదో భాగహారానికే గుట్టు బయటపడుతుంది.

నమ్మకం కుదరకపోతే పిల్లలచేత 67,00,417ను 641తో హెచ్చవేయించండి. ఈ వరుసలో ఆరో ప్రధాన సంఖ్య మాత్రం నేటికీ ఎవరికీ దొరకలేదు.