పగడం మీద పాదం

అండమాన్‌కు టికెట్లు తీసుకున్నవాళ్ళు సంచీ సర్దుకోకముందే ఇది చదవాలి.

దక్షిణ అండమాన్‌లో వండూరు దగ్గర 1983లో ఏర్పడిన మహాత్మాగాంధీ సముద్ర జాతీయ ఉద్యానంలో నీటి అడుగున కనిపించేవన్నీ రాళ్ళు కావు. చాలావరకు ప్రాణులు. గోరంతైనా లేని జీవాలు తరతరాలుగా సున్నం పేర్చి కట్టుకున్న ఇళ్ళవి. గుండ్రాయిలా పెరిగే పగడం ఏడాదికి ఒక సెంటీమీటరు పెరిగితే గొప్ప. ఈత కొడుతూ ఆయాసమొచ్చి దాని మీద క్షణం నిలబడితే చాలు, ఏళ్ళ పెరుగుదల కాలికింద నలుగుతుంది. లైఫ్ జాకెట్ ఉన్నది అందుకే. వెల్లకిలా తేలండి, నిలబడకండి.

సముద్రం వేడెక్కినప్పుడు పగడాలు తమలో ఉండి తిండిపెట్టే నాచును వెళ్ళగొట్టి తెల్లబోతాయి. మనం తెల్లబోతే ఆశ్చర్యం, అవి తెల్లబోతే ఆకలి. 1998, 2010, 2016లో అక్కడ ఇదే జరిగింది. ఆ వేడిని ఆపడం ఒక్కరి వల్ల కాదు. కాలిని ఆపుకోవడం అవుతుంది.

ఇక జ్ఞాపికల పిచ్చి. ఒడ్డున పడి ఉన్న చచ్చిన పగడం ముక్కే కదా అని జేబులో వేసుకుంటారు. దిబ్బలు కట్టే పగడాలన్నీ వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి, అంటే పులితో సమానం. శిక్ష మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ జైలు, 2022 సవరణ ప్రకారం కనీసం 25 వేల రూపాయల జరిమానా. పిల్లాడు ఏరుకున్నాడన్న జవాబు విమానాశ్రయంలో చెల్లదు.

జాలీబాయ్ దీవికి ప్లాస్టిక్ తీసుకెళ్ళనివ్వరు. అక్కడ గొణుక్కునేవాళ్ళు ఒక్కటి గుర్తుంచుకోవాలి: తేలే కవరును తాబేలు జెల్లీచేప అనుకుని మింగుతుంది.

చివరిది ప్రాణాలకు సంబంధించినది. మడ అడవుల వాగుల్లో, తీరాల్లో ఉప్పునీటి మొసళ్ళున్నాయి. 2010లో హేవ్‌లాక్ దీవి దగ్గర ఒక విదేశీ పర్యాటకురాలిని మొసలి చంపింది. హెచ్చరిక బోర్డు ఉన్నచోట గానీ, చీకటిపడే వేళ గానీ నీళ్ళలోకి దిగకండి. శ్రీకాకుళం వైపు నుంచి వెళ్ళి అక్కడ స్థిరపడిన తెలుగు మత్స్యకారులున్నారు. ఏ రేవు మంచిదో వాళ్ళనడగండి, రీల్స్‌ని కాదు.

ఇప్పటికే సంచీలో పగడం ముక్క ఉంటే, తిరుగు ప్రయాణానికి ముందే అటవీ సిబ్బందికి అప్పగించండి.