మన హాస్టల్ నుంచి ఒక రేసు కారు ఎందుకు రాకూడదు?



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్లు అడిగినప్పుడు, పోటీ పరీక్షల గురించి రాస్తాననుకున్నారు. రేసు కారు గురించి రాస్తానంటే నవ్వారు. "అన్నా, మనకు సైకిల్‌కే దిక్కు లేదు, రేసు కారా?" అన్నాడొకడు. వాడి ప్రశ్నకు జవాబే ఈ వ్యాసం.

నిజానికి మనలో చాలామంది చిన్నప్పుడే రేసు కారు తయారు చేసినవాళ్లం. లారీ గ్యారేజీలో పారేసిన మూడు బేరింగులు, ఒక చెక్క పలక, ముందు చక్రం తిప్పడానికి ఒక అడ్డకర్ర. దాన్నే బేరింగు బండి అనేవాళ్లం. మన నల్లగొండ, పాలమూరు నేలలో వాలుకు కొదవ లేదు. పైనుంచి వదిలితే ఎవరి బండి దూరం పోతదని పందెం. గెలవాలని బేరింగులను కిరోసిన్‌తో కడిగి గ్రీజు పెట్టేవాళ్లం. మోకాళ్లు ముడుచుకొని, తల వంచుకొని కూర్చుంటే బండి ఇంకొంచెం దూరం పోతుందని కూడా మాకు తెలుసు. గాలి నిరోధం అనే మాట అప్పటికి వినలేదు. తర్వాత ఎమ్మెస్సీ ఫిజిక్సులో ఆ మాటా వచ్చింది, దాని సూత్రమూ వచ్చింది. కానీ ఈ మధ్యలో ఎక్కడో బండి పోయింది. చదువు పెరుగుతున్నకొద్దీ చేతులు పని మానుకున్నాయి. నా బాధ అదే.

రేసు అనగానే పది కార్లు ఒకదాన్నొకటి దాటుకుంటూ మలుపులు తిరగడం గుర్తొస్తుంది. నేను చెప్పేది అది కాదు. నేల మీద వేగం రికార్డు అనే మరో పోటీ ఉంది. ఇందులో పక్కన ఇంకో బండి ఉండదు, మలుపులుండవు. తిన్నగా ఉన్న చదును నేల, ఒక బండి, ఒక గడియారం, అంతే. 1898 డిసెంబరు 18న పారిస్ దగ్గర ఒక కారు కిలోమీటరు దూరాన్ని 57 సెకన్లలో దాటింది. అంటే గంటకు 63 కిలోమీటర్లు. మొదటి రికార్డు అదే. అది పెట్రోలు కారు కాదు, బ్యాటరీ కారు! మరుసటి ఏడాది ఏప్రిల్‌లో బెల్జియం దేశస్థుడు కమీల్ జెనాట్జీ మరో బ్యాటరీ కారులో గంటకు 105 కిలోమీటర్లు దాటాడు. అక్కడి నుంచి మొదలైన పోటీ 1997 అక్టోబరు 15న అమెరికాలోని నెవాడా ఎడారిలో ధ్వని వేగాన్ని దాటేదాకా పోయింది. రెండు జెట్ ఇంజిన్ల థ్రస్ట్ ఎస్‌ఎస్‌సీ అనే బ్రిటిష్ కారు ఆ రోజు గంటకు 1,228 కిలోమీటర్ల సగటు వేగం సాధించింది.

జెట్ ఇంజిన్లు మనకెక్కడివి అంటారా? అయితే బర్ట్ మన్రో గురించి వినండి. 2005లో వచ్చిన 'ది వరల్డ్స్ ఫాస్టెస్ట్ ఇండియన్' అనే సినిమా పేరు చూసి, ఎవరో మన దేశస్థుడి కథ అనుకొని కూర్చున్నాను. తీరా చూస్తే ఇండియన్ అనేది అమెరికాలో తయారైన మోటార్ సైకిల్ పేరు. మన్రోది న్యూజిలాండ్. ఆయన దగ్గరున్నది 1920 నాటి బండి. కొన్నప్పుడు దాని వేగం గంటకు 90 కిలోమీటర్ల లోపే. ఆయన దాన్ని షెడ్డులో పెట్టుకొని దశాబ్దాల తరబడి మార్చుకుంటూ పోయాడు. పిస్టన్లను పాత డబ్బాల్లో పోత పోసుకున్నాడు. పాడైపోయిన భాగాలను పారేయకుండా ఒక అల్మారాలో వరుసగా పేర్చి, అవి వేగదేవుడికి పెట్టిన నైవేద్యమని రాసుకున్నాడు. 1967లో, 68 ఏళ్ల వయసులో, అమెరికాలోని బోన్‌విల్ ఉప్పు మైదానంలో అదే బండి మీద గంటకు 295 కిలోమీటర్లు దాటి తన తరగతిలో రికార్డు పెట్టాడు. అది కారు కాదు, మోటార్ సైకిలే. కానీ ఇంట్లో చేసిన బండితో వేగాన్ని సాధించడమంటే ఏమిటో అంతకన్నా బాగా చెప్పే ఉదాహరణ నాకు కనిపించలేదు.

ఇందులో కొంచెం ఫిజిక్సు ఉంది. వేగం రెట్టింపైతే గాలి నిరోధం నాలుగు రెట్లవుతుంది. ఆ గాలిని తోసుకుంటూ పోవడానికి ఇంజిన్ సామర్థ్యం ఎనిమిది రెట్లు కావాలి. కాబట్టి ఇంజిన్‌ను పెంచుకుంటూ పోతే డబ్బు చాలదు. బండిని సన్నగా, నున్నగా, తక్కువ ఎత్తులో చేస్తే అదే ఇంజిన్ ఎక్కువ వేగం ఇస్తుంది. పెద్ద ఇంజిన్‌కు డబ్బు కావాలి. మంచి ఆకారానికి ఆలోచన, ఆకురాయి, ఓపిక చాలు. బేరింగు బండి మీద తల వంచుకున్న పిల్లవాడికి ఈ సంగతి ముందే తెలుసు.

మన దగ్గర ఇలాంటివాళ్లు లేరా? ఉన్నారు. హైదరాబాద్ బహదూర్‌పురాలో, జూపార్కు దగ్గర, సుధా కార్ల మ్యూజియం ఉంది. సుధాకర్ గారు బడిలో చదివే వయసులోనే పాత సామానుతో బండ్లు చేయడం మొదలుపెట్టి, వంకాయ, బూటు, క్రికెట్ బ్యాటు, ఫుట్‌బాల్ ఆకారాల్లో కార్లు చేశారు. అవి బొమ్మలు కావు, నడిచే బండ్లు. 2005లో ఆయన చేసిన 41 అడుగులకు పైగా ఎత్తున్న మూడు చక్రాల సైకిలు గిన్నిస్ రికార్డుకెక్కింది. ఆయన కార్లు వేగం కోసం చేసినవి కావు, చూసి సంతోషించడానికి చేసినవి. కానీ ఇరుసు, స్టీరింగు, బ్రేకు ఎవరి బండికైనా ఇరుసు, స్టీరింగు, బ్రేకే కదా!

అదే హైదరాబాద్‌లో 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ కార్ల పోటీ జరిగింది. బ్యాటరీ కార్లతో మన దేశంలో జరిగిన మొదటి ఫార్ములా ఈ పోటీ అది. ఆ కార్లు విదేశాల నుంచి వచ్చాయి, పరుగెత్తాయి, వెళ్లిపోయాయి. మనం కంచె బయట నిలబడి ఫోన్లో ఫోటోలు తీసుకున్నాం. చూడడం తప్పు కాదు. కానీ ఎల్లకాలం కంచె బయటేనా?

ఇక మన జిల్లా మనిషినే తీసుకుందాం. అప్పటి నల్లగొండ జిల్లా ఆలేరు మండలం శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం గారు బడి మధ్యలోనే ఆపేసిన చేనేత కుటుంబం మనిషి. ఆసు పోయడానికి ఒక్కో చీరకు వేలసార్లు చెయ్యి ఆడించి అమ్మ భుజం పడిపోతుంటే చూడలేక, 1992లో యంత్రం పని మొదలుపెట్టి 1999లో పూర్తి చేశారు. దానికి అమ్మ పేరే పెట్టారు, లక్ష్మీ ఆసు యంత్రం. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆ ఏడేళ్లు ఊరివాళ్ల మాటలు ఎలా ఉండి ఉంటాయో మన ఊళ్ల సంగతి తెలిసిన మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. రేసు కారుకూ ఆసు యంత్రానికీ సంబంధం లేదనిపించవచ్చు. రెండింటికీ కావలసిన గుణం ఒక్కటే. ఒక పనిముట్టు పట్టుకోవడం, చెడగొట్టడం, ఎందుకు చెడిందో ఆలోచించి మళ్లీ చేయడం.

ఈ గుణం మన ఇళ్లలో ఉంది. చెప్పులు కుట్టినవాళ్లు, డప్పు కట్టినవాళ్లు, మోటలు నడిపినవాళ్లు, బావులు తవ్వినవాళ్లు మన తాతలు. వాళ్ల చేతుల్లో ఉన్నదాన్ని ఎవరూ విజ్ఞానం అనలేదు. కులం అంటే పనుల విభజన ఒక్కటే కాదు, పనిచేసే మనుషులను విడగొట్టి మెట్లు కట్టడమని బాబాసాహెబ్ 1936లోనే 'కుల నిర్మూలన'లో వివరించారు. ఆ మెట్ల మీద చేతిపని అడుగునా, పుస్తకం పైనా పెట్టారు. మనం హాస్టల్‌కు వచ్చింది ఆ మెట్లు విరగ్గొట్టడానికి. కానీ మెట్లు విరగ్గొట్టకుండా, ఒక్కొక్కరమూ పైమెట్టు ఎక్కి కిందికి చూడకుండా ఉండడమే చదువనుకుంటున్నామేమో అని నా అనుమానం.

నా సంగతే చెబుతాను. మా నాయిన ట్రాక్టర్ రిపేరు షెడ్డులో హెల్పర్. సంతకం రాదు. ఇంజిన్ చప్పుడు విని ఏ భాగం అరిగిందో చెబుతాడు. నేను ఇంటర్‌లో ఉండగా ఒకసారి షెడ్డు నుంచి నేరుగా హాస్టల్‌కు వచ్చాడు. నేను ముందుగా నల్లా దగ్గరికి తీసుకపోయి, "చేతులు కడుక్కో నాయినా, సార్లు చూస్తరు" అన్నాను. ఏమీ అనకుండా కడుక్కున్నాడు. గ్రీజు పూర్తిగా పోలేదు. తర్వాత నేను ఎమ్మెస్సీలో చేరాక, ఊళ్లో బండి క్లచ్ వైరు తెగితే నడిరోడ్డు మీద తెల్లమొహం వేశాను. పక్క నుంచి పోతున్న పదేళ్ల పిల్లవాడొచ్చి ముడేసి పోయాడు. నాయినకు చెబితే నవ్వి, "గంత చదువు చదివినవ్, గది చెప్పలేదారా?" అన్నాడు. ఎగతాళికి కాదు, నిజంగానే అడిగాడు. ఆయన చేతులు కడిగించిన సంగతి తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

అభ్యంతరాలు నాకు తెలుసు. మొదటిది, మెస్ సరిగా లేని చోట, బాత్‌రూం తలుపులు లేని చోట రేసు కారేమిటని. న్యాయమైన ప్రశ్నే. తలుపులు ప్రభుత్వ బాధ్యత, వాటి కోసం ధర్నా చేద్దాం, నేనూ వస్తాను. కానీ అన్నీ సమకూరాకే ఆలోచించాలంటే మన వంతు ఎప్పటికీ రాదు. రెండోది, గ్రూప్స్, డీఎస్సీ, కానిస్టేబుల్ కోచింగుల మధ్య సమయం ఎక్కడిదని. వారానికి ఒక ఆదివారం పూట అడుగుతున్నాను. ప్రాజెక్టు వర్కును దుకాణంలో కొనుక్కొచ్చి సంతకం చేసే అలవాటున్న మనం, సొంతంగా ఒక్కటి చేస్తే ఇంటర్వ్యూలో కూర్చున్నప్పుడు కూడా మాట వేరుగా ఉంటుంది.

మూడోది ప్రాణభయం. ఇది అన్నిటికంటే పెద్దది. హైవే మీద అర్ధరాత్రి బైకులతో పందేలు పెట్టుకొని ప్రాణాలు పోగొట్టుకున్న కుర్రాళ్లు మన ఊళ్లలో లేరా? వేగం మీద కోరిక ఈ వయసులో ఉంటుంది, వద్దంటే పోదు. అందుకే దానికి ఒక మైదానం, ఒక కొలత, ఒక క్రమశిక్షణ ఇవ్వాలంటున్నాను. రిజిస్ట్రేషన్ లేని బండి రోడ్డెక్కడం నేరం, కాబట్టి మైదానం దాటకూడదు. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లు నడపకూడదు. హెల్మెట్, బెల్టు, తల మీద ఇనుప చట్రం, రెండు బ్రేకులు, చెయ్యి వదలగానే ఇంజిన్ ఆగిపోయే స్విచ్చు, మంటలార్పే సిలిండరు లేకుండా బండి కదలకూడదు. బ్రేకు పని చేశాకే ఇంజిన్ బిగించాలి.

పెద్ద వేగాలు వద్దు. పాత సామాను దుకాణంలో దొరికే మోపెడ్ ఇంజినో, బ్యాటరీ స్కూటర్ మోటారో చాలు. మైదానంలో టేపుతో 100 మీటర్లు కొలిచి సున్నం గీత గీద్దాం. దానికి ముందు వేగం అందుకోవడానికి, తర్వాత ఆగడానికి చోటు ఉండాలి. 100 మీటర్లు 10 సెకన్లలో దాటితే గంటకు 36 కిలోమీటర్లు. స్టాప్‌వాచ్ నొక్కడంలో 0.2 సెకను తేడా వస్తే ఫలితంలో రెండు శాతం తప్పు వస్తుంది. కాబట్టి ముగ్గురు కొలవాలి, ముగ్గురి లెక్కా నోటు పుస్తకంలో ఉండాలి. లెక్క ఎంత ముఖ్యమో మన్రో కథలోనే ఉంది. ఆయన రికార్డు లెక్కలో తప్పు దొర్లిందని చాలా ఏళ్లకు కొడుకు గమనిస్తే, 2014లో గంటకు 183.586 మైళ్లను 184.087గా సరిదిద్దారు. పాత అంకెలు కాగితం మీద ఉండబట్టే అది సాధ్యమైంది.

ఇంకో నియమం ఉంది. నేల మీద వేగం రికార్డులో ఒక్కసారి దూసుకుపోతే లెక్కలోకి రాదు. గంటలోపు అదే దారిలో వెనక్కి రావాలి. రెండు పరుగుల సగటే రికార్డు. ఎందుకంటే పోయేటప్పుడు వెనుక గాలి తోసి ఉండవచ్చు, నేల వాలు ఉండి ఉండవచ్చు. మన మైదానంలో అటు 10 సెకన్లు, ఇటు 12 సెకన్లు పట్టిందనుకోండి. మొత్తం 200 మీటర్లకు 22 సెకన్లు. గంటకు 32.7 కిలోమీటర్లు. 36 అని చెప్పుకోవడానికి వీల్లేదు.

పూర్వ విద్యార్థి అన్నలకు నా విన్నపం ఇక్కడే ఉంది. మీరు ఈ హాస్టల్ నుంచి ఉద్యోగాల్లోకి వేగంగానే వెళ్లారు, మాకు గర్వం. తిరిగి రావడం మాత్రం వార్షికోత్సవానికి శాలువా కప్పించుకోవడంతో ఆగిపోతోంది. మీలో ఐటీఐ చేసినవాళ్లున్నారు, ఆర్టీసీ డిపోల్లో, వెల్డింగ్ షాపుల్లో పనిచేస్తున్నవాళ్లున్నారు. వేదిక మీదికి పిలవలేదని వాళ్లు అసలే రావడం లేదు. ముందు వాళ్లను పిలుద్దాం. వాడకుండా పడి ఉన్న స్టోర్ రూమును వార్డెన్ సారు అనుమతితో పనిముట్ల గది చేద్దాం. ఒకరు స్పానర్ సెట్టు, ఒకరు ఆకురాళ్లు, ఒకరు బెంచి వైసు, ఏమీ ఇవ్వలేనివాళ్లు ఒక ఆదివారం ఇవ్వండి.

మొదటి ఆదివారం మా నాయినను నేను తీసుకొస్తాను. వచ్చే ఏడాది ఈ సంచికలో మన బండి రెండు పరుగుల అంకెలు అచ్చు కావాలి. అవి ఎంత తక్కువైనా ఫర్వాలేదు, నిజమైనవి అయితే చాలు.