రమ్మీ యాప్‌లు పోయాయి.. మరి బెజవాడ కుర్రాళ్లకు ఫోన్ గేమ్స్‌లో ఫ్యూచర్ ఉందా?

మొబైల్ గేమింగ్ అంటే దేశంలో దూసుకుపోతున్న రంగం అని ఇన్నాళ్లూ విన్నాం. కానీ 2025 ఆగస్టులో సీన్ మొత్తం మారిపోయింది. ఆగస్టు 20న ఆన్‌లైన్ గేమింగ్ బిల్లును లోక్‌సభలో ప్రవేశపెట్టారు, అదే రోజు పాసైంది. 21న రాజ్యసభ ఓకే చెప్పింది. 22న రాష్ట్రపతి ఆమోదం వచ్చేసింది. మూడంటే మూడు రోజులు! డ్రీమ్11, ఎంపీఎల్ లాంటి పెద్ద యాప్‌లు కూడా డబ్బు పెట్టి ఆడే గేమ్స్ ఆపేశాయి. టీమిండియా జెర్సీ మీద డ్రీమ్11 పేరు కూడా పోయింది.

మరి విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల కాలేజీల్లో బీటెక్ చదువుతూ, గేమ్ గానీ యాప్ గానీ తయారు చేద్దామనుకునే కుర్రాళ్ల సంగతేంటి? ఈ రంగంలో ఇంకా దమ్ముందా? ఉంది. కాకపోతే డౌన్‌లోడ్ల లెక్క చూసి దిగితే దెబ్బ తింటారు. డబ్బు ఎవరు కడతారు, ఎందుకు కడతారు అన్నదే అసలు లెక్క.

పెరిగింది గేమింగా? పందెమా?

2016 సెప్టెంబర్ 5న జియో వచ్చింది. డేటా చౌకైంది. గేమ్స్ డౌన్‌లోడ్లలో మన దేశం ప్రపంచంలోనే ముందు వరుసలోకి వెళ్లింది. అయితే మన దగ్గర పెద్ద మొత్తంలో డబ్బు తిరిగింది రమ్మీ, పోకర్, ఫాంటసీ క్రికెట్ లాంటి వాటిలోనే.

కృష్ణా డెల్టాకు పందెం కొత్త కాదు. సంక్రాంతి వస్తే కోడిపందేల బరులు, పక్కనే గుండాట, పేకాట. ఫోన్ వచ్చాక పండగ దాకా ఆగే పని లేకుండా పోయింది. రమ్మీ నైపుణ్యంతో ఆడే ఆట అని 1960ల చివర్లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును కంపెనీలు అడ్డం పెట్టుకున్నాయి. ఆ తీర్పు వచ్చింది కూడా మన ఉమ్మడి రాష్ట్రంలో సికింద్రాబాద్ క్లబ్బు కేసులోనే.

తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ రమ్మీని నిషేధించాయి. 132 సైట్లు, యాప్‌లు బ్లాక్ చేయాలంటూ అప్పటి సీఎం జగన్ కేంద్రానికి లేఖ రాశారు. అయినా ఫోన్‌లో లొకేషన్ మార్చేసి ఆడినవాళ్లు ఆడుతూనే ఉన్నారు. చివరికి కేంద్రం చెప్పిన లెక్క ఏంటంటే.. ఏటా 45 కోట్ల మంది ఇలా సుమారు 20 వేల కోట్ల రూపాయలు పోగొట్టుకుంటున్నారట.

పేకాట క్లబ్బులో నిర్వాహకుడికి వాటా వెళ్లినట్టే, ఈ యాప్‌లలో ప్రతి ఆటకూ కంపెనీకి వాటా వెళ్లేది. అంటే ఆడేవాళ్లు ఎంత ఎక్కువ డబ్బు పెడితే కంపెనీ అంత పెరిగేది. ఇళ్లలో అప్పులు పెరగడాన్ని కూడా మనం "గేమింగ్ గ్రోత్" ఖాతాలోనే రాసుకున్నామన్నమాట.

చట్టం దేన్ని ఆపింది? దేన్ని వదిలింది?

* నైపుణ్యమైనా, అదృష్టమైనా.. డబ్బు గెలుస్తామని డబ్బు పెట్టి ఆడే గేమ్స్ బంద్. నడిపితే మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా.
* యాడ్స్ చేసినా రెండేళ్ల వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా. ఇన్‌ఫ్లుయెన్సర్లూ, ఇది మీకే!
* ఆడినవాళ్లకు మాత్రం శిక్ష లేదు.
* ఈ-స్పోర్ట్స్, సరదాగా ఆడుకునే గేమ్స్‌కు అడ్డంకి లేదు. వాటిని ప్రోత్సహిస్తామని చట్టమే చెబుతోంది.

హైదరాబాద్‌కు చెందిన ఏ23 సంస్థ ఈ చట్టాన్ని సవాల్ చేస్తూ కర్ణాటక హైకోర్టుకు వెళ్లింది. తర్వాత ఇలాంటి కేసులన్నీ సుప్రీంకోర్టుకు చేరాయి.

గేమ్ తయారు చేస్తే డబ్బులు ఎలా వస్తాయి?

ప్రధాన దారులు రెండు. ఒకటి యాడ్స్, రెండోది గేమ్ లోపల అమ్మకాలు. మన దగ్గర ఆడేవాళ్లు కోట్లలో ఉన్నా, జేబులోంచి రూపాయి తీసేవాళ్లు తక్కువ. యాడ్ రేటు కూడా అంతే. అమెరికాలో ఒకరు యాడ్ చూస్తే వచ్చేదాంతో పోలిస్తే ఇక్కడ వచ్చేది చాలా తక్కువ.

మొదలుపెట్టడం మాత్రం ఖరీదైన పనేం కాదు. ప్లే స్టోర్‌లో డెవలపర్ అకౌంట్‌కు ఒక్కసారి 25 డాలర్లు కడితే చాలు. కొత్తగా వ్యక్తిగత అకౌంట్ తీసుకునేవాళ్లు కనీసం 12 మందితో 14 రోజులు వరుసగా టెస్ట్ చేయించాలి. ఆదాయం వస్తే ఏడాదికి మొదటి 10 లక్షల డాలర్ల మీద గూగుల్ కమీషన్ 15 శాతం. స్టోర్‌లో పెట్టడం ఈజీనే. లక్షల యాప్‌ల మధ్య జనం కంట పడటమే కష్టం.

అయినా చేసి చూపించినవాళ్లు ఉన్నారు. హైదరాబాద్‌లో పుట్టిన క్రికెట్ గేమ్ హిట్‌వికెట్ సూపర్‌స్టార్స్ 2020లో కేంద్రం పెట్టిన ఆత్మనిర్భర్ భారత్ యాప్ ఛాలెంజ్‌లో గేమ్స్ విభాగంలో ఫస్ట్ వచ్చింది. అందులో పందెం లేదు. టీమ్ కట్టి, ప్లాన్ వేసి ఆడే ఆట.

చెరువు గట్టు మీద యాప్

గేమ్స్ పక్కనపెట్టి యాప్‌ల సంగతి చూస్తే, మన ఊరిలోనే మంచి ఉదాహరణ ఉంది. విజయవాడలో 2012లో మొదలైన ఏరువాక టెక్నాలజీస్. రొయ్యల చెరువులో రాత్రిపూట ఆక్సిజన్ పడిపోతే తెల్లారేసరికి పంట పోతుంది. బంటుమిల్లి, కృత్తివెన్ను వైపు రైతులకు ఈ టెన్షన్ చెప్పక్కర్లేదు. ఏరువాక చెరువులో సెన్సర్ పెట్టి, నీటి పరిస్థితి ఫోన్‌కు వచ్చేలా చేసింది. మేత దానంతటదే చల్లే యంత్రాన్నీ తెచ్చింది. 2018లో నెదర్లాండ్స్ కంపెనీ న్యూట్రెకో ఇందులో పెట్టుబడి పెట్టింది, తర్వాత సంస్థనే కొనేసింది.

ఇక్కడ రైతు డబ్బు ఎందుకు కడతాడు? పంట దక్కుతుంది, మేత మిగులుతుంది కాబట్టి. కోట్ల డౌన్‌లోడ్లు అక్కర్లేదు, కొన్ని వేల చెరువులు చాలు.

ఇంకో విషయం. 2025 జనవరి 30న ఏపీ ప్రభుత్వం "మన మిత్ర"ను 161 సేవలతో వాట్సాప్‌లోనే మొదలుపెట్టింది. ఎందుకంటే వాట్సాప్ అందరి ఫోన్లలో ముందే ఉంది. కొత్త యాప్ దించుకోమంటే ఎంతమంది దించుకుంటారు? మీ ఐడియాకు అసలు యాప్ కావాలా, వాట్సాప్ సరిపోతుందా అన్నది ముందే ఆలోచించుకోండి.

మరి ఇప్పుడు ఏం చేయాలి?

గేమింగ్ బిల్లు లోక్‌సభలో పాసైన రోజే, అంటే ఆగస్టు 20నే, మంగళగిరిలో సీఎం చంద్రబాబు రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ ప్రారంభించారు. స్టార్టప్‌లకు తోడు నిలవడం దాని పని. అక్కడ రేపు ఎన్ని భవనాలు లేచాయన్నది కాదు, మన కాలేజీ కుర్రాళ్లలో ఎంతమంది తమ యాప్‌కు మొదటి కస్టమర్‌ను తెచ్చుకున్నారన్నది చూడాలి.

కాబట్టి కోడ్ రాయడానికి ముందు ఒక పని చేయండి. మీ గేమ్‌కో, యాప్‌కో నెలకు వంద రూపాయలు ఇచ్చే పది మందిని వెతకండి. వాళ్లు మీ ఫ్రెండ్సూ, చుట్టాలూ కాకూడదు. ఆ పది మంది దొరికితే దిగండి. దొరక్కపోతే ఐడియా మార్చండి, ఖర్చయ్యేది నాలుగు రోజుల తిరుగుడే.