ఆరు మిల్లీమీటర్ల తప్పు

సెమిస్టర్ చివరికొచ్చేసరికి మన క్లాస్ గ్రూపుల్లో ఒకటే ప్రశ్న తిరుగుతుంది. "మావా, మినీ ప్రాజెక్ట్ ఎక్కడ దొరుకుతుంది?" ఎక్కడ దొరుకుతుంది, ఎంతకిస్తారు, రిపోర్టు కూడా వాళ్లే ఇస్తారా... ఇవే ప్రశ్నలు. "ఎలా చెయ్యాలి?" అని అడిగినవాణ్ణి ఈ మూడేళ్లలో నేను చూడలేదు. శ్రీరంగ నీతులు చెప్పడానికి ఇది రాయడం లేదు. రెండో ఏడాది నేనూ కొన్నాను. మూడో ఏడాది మాత్రం ఒక బేస్ గిటార్ చేశాను. అది తప్పుగా వచ్చింది. ఆ తప్పు గురించే ఈ వ్యాసం.

బేస్ గిటార్ అంటే తెలియనివాళ్ల కోసం ఒక మాట. మామూలు గిటార్ కన్నా ఒక స్థాయి కింద పలికే వాద్యం అది. సాధారణంగా నాలుగే తీగలుంటాయి, లావుగా. అన్నిటికన్నా లావు తీగ సెకనుకి సుమారు 41 సార్లు కంపిస్తుంది. ఫెస్ట్‌లో పాట వింటున్నప్పుడు బేస్ వాయించేవాడు ఎవరికీ కనిపించడు. అతను ఆపేస్తే మాత్రం పాట కింద నేల తీసేసినట్టు ఉంటుంది. మా బ్యాండ్‌లో ఆ కనిపించనివాణ్ణి నేనే.

ఈ వాద్యం పుట్టుకే ఇంజనీరింగ్ కథ. 1951లో లియో ఫెండర్ ప్రెసిషన్ బేస్ తెచ్చాడు. అంతకుముందు చాలా బ్యాండ్లలో మనిషంత ఎత్తున్న డబుల్ బేస్‌ని నిలబెట్టి వాయించేవారు. దానికి ఫ్రెట్లుండవు, వేలు ఎక్కడ పెట్టాలో చెవే చెప్పాలి. ఫెండర్ దానికి ఫ్రెట్లు పెట్టాడు. వేలు కొంచెం అటూఇటూ పడినా స్వరం కచ్చితంగా వస్తుంది కాబట్టి 'ప్రెసిషన్' అని పేరు. ఆయనకి గిటార్ వాయించడం రాదు. చదివింది అకౌంటింగ్, చేసింది రేడియో రిపేర్లు. ఆ రిపేరువాడి బుద్ధి ఆ వాద్యంలో కనిపిస్తుంది. నెక్‌ని జిగురుతో అతికించకుండా స్క్రూలతో బిగించాడు. పాడైతే విప్పి ఇంకొకటి పెట్టుకోవచ్చు. అందుకే బేస్‌ని విప్పడం, మార్చడం, మన చేతికి తగ్గట్టు చేసుకోవడం అంటే దాన్ని పాడుచేయడం కాదు. అది మొదటినుంచీ అలా విప్పుకోవడానికి వీలుగానే పుట్టింది.

మా ఊరు బొబ్బిలి దగ్గర. నాన్న వడ్రంగి. కుర్రతనంలో కొన్నేళ్లు గొల్లపల్లిలో వీణలు చేసేవాళ్ల దగ్గర పనిచేశాడు. పనస దుంగని తొలిచి కుండ తియ్యడం ఆయన పని. తర్వాత గుమ్మాలు, కిటికీలలో డబ్బులు ఎక్కువని అటు వెళ్లిపోయాడు. నన్ను మాత్రం కొట్లోకి రానిచ్చేవాడు కాదు. దసరా సెలవుల్లో నేను బేస్ చేస్తాననగానే ఆయన అన్న మొదటి మాట ఇదీ: "నిన్ను ఇంజనీరింగ్ చదివిస్తన్నది మళ్లీ రంపం పట్టడానికేటిరా?"

నా దగ్గర జవాబు లేదు. కాలేజీలో నాన్న ఏం చేస్తారని అడిగితే నేను 'బిజినెస్' అని చెప్పేవాణ్ణి. అది కూడా ఇక్కడ ఒప్పేసుకుంటున్నాను.

అయినా చెక్క ఇచ్చాడు. కూల్చేసిన ఓ పాత ఇంటి టేకు గుమ్మం అది. ఏళ్ల తరబడి ఆరిన చెక్క, ఇక వంగదు. టేకులో నూనె ఉంటుంది కాబట్టి జిగురు పట్టాలంటే ముందు థిన్నర్‌తో తుడవాలని ఆయనే చెప్పాడు. ఇది ఏ ల్యాబ్ మాన్యువల్‌లోనూ నాకు కనబడలేదు. బాడీ దసరాకి అయిపోయింది. నెక్ సంక్రాంతికి మొదలుపెట్టాం. నాలుగు తీగలు బిగిస్తే నెక్ మీద దాదాపు 70–80 కిలోల లాగుడు పడుతుంది. అది విల్లులా వంగిపోకుండా లోపల ట్రస్ రాడ్ అనే ఇనుప కడ్డీ పెడతారు. దానికి గాడి తియ్యడం, చిత్రిక పట్టడం వరకు నాన్న పక్కనే ఉన్నాడు. ఫ్రెట్ల దగ్గరికి వచ్చేసరికి నేనే ఆయన్ని పక్కకి పంపేశాను. "ఇది లెక్కల పని నాన్నా, నేను చూసుకుంటా."

లెక్క నిజంగానే సులువు. నట్ నుంచి బ్రిడ్జి వరకు తీగ పొడవు 34 అంగుళాలు, అంటే 863.6 మిల్లీమీటర్లు. దాన్ని 17.817తో భాగిస్తే మొదటి ఫ్రెట్ 48.47 దగ్గర వస్తుంది. మిగిలిన పొడవుని మళ్లీ 17.817తో భాగిస్తే మొదటి ఫ్రెట్ నుంచి రెండోదానికి దూరం. అలా పోతే 12వ ఫ్రెట్ సరిగ్గా సగంలో, 431.8 దగ్గర పడాలి. ఎక్సెల్‌లో రెండు నిమిషాల్లో పట్టిక వేశాను. చెక్క మీదకి వచ్చాక మాత్రం ప్రతి ఫ్రెట్‌నీ దాని ముందు ఫ్రెట్ నుంచి కొలిచి కోశాను. కోత మందం అర మిల్లీమీటరు పైనే ఉంటుంది. నేను కోత మధ్య నుంచి కాకుండా నట్ వైపు అంచు నుంచి కొలుస్తూ పోయాను. ఒక్కో ఫ్రెట్‌కి పావు మిల్లీమీటరు చొప్పున పోతోంది. కంటికి ఏమీ తెలియదు. 12వ ఫ్రెట్ దగ్గరికి వచ్చేసరికి పన్నెండు పావులు కలిసి 3 మిల్లీమీటర్లయ్యాయి.

అన్ని కొలతలూ ఒకే చోటు నుంచి తియ్యాలని, లేకపోతే తప్పులు ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయని నేను మెట్రాలజీ పరీక్షలో రాశాను. మంచి మార్కులే వచ్చాయి.

తీగలు బిగించి ఫోన్‌లో ట్యూనర్ పెట్టి చూశాను. ఖాళీ తీగ సరిగ్గా ఉంది. 12వ ఫ్రెట్ నొక్కితే 12 సెంట్లు తక్కువ. ఒక అర్ధస్వరంలో నూరో వంతుని సెంట్ అంటారు. అంకెలో చిన్నదే. గిటార్‌తో కలిపి వాయిస్తే మాత్రం పంటి కింద రాయిలా ఉంటుంది. ఇది చాలదన్నట్టు ఆంప్‌లో గుయ్యిమని మోత. మన కరెంటు 50 హెర్ట్జ్. లావు తీగ మీద మూడో ఫ్రెట్ స్వరం 49 హెర్ట్జ్. అంటే నేను వాయించకపోయినా నా బేస్ తనకి తోచిన 'జి' ఒకటి పాడుతూ కూర్చుంటుందన్నమాట. ఆ మోత సంగతి తర్వాత ఈసీఈ మిత్రుడు చూసుకున్నాడు. లోపలంతా రాగి రేకు అతికించి, బ్రిడ్జికి గ్రౌండ్ వైరు వేశాడు. ఫ్రెట్లకి మాత్రం ఏ వైరూ లేదు.

వీణకి ఈ బాధ లేదు. దాని 24 మెట్లనీ మైనంలో కూర్చుతారు. తీగ మీటి, విని, మెట్టుని జరుపుతారు. తప్పయితే మళ్లీ జరుపుకోవచ్చు. బేస్ నెక్‌కి ఒకసారి కోత పడితే ఇక అంతే.

ఆ రాత్రి ఫోన్‌లో ఒక రెడీమేడ్ నెక్ చూసి కార్ట్‌లో వేశాను. స్టిక్కర్ పీకేసి, కొంచెం ఎమ్రీ పేపర్ కొట్టి, పాలిష్ వేస్తే ఎవరికీ తెలియదు. అంతకుముందే మా కాలేజీలో ఒక సార్ చెప్పారు కూడా: "ఔట్‌పుట్ కరెక్టుగా ఉండాలి. ఎలా వచ్చిందో ఎవరడుగుతారు?" నిజమే, ఎవరూ అడగరు. కొన్న నెక్‌తో 'హ్యాండ్‌మేడ్ బేస్ గిటార్' అని బోర్డు పెట్టుకుంటే మార్కులూ చప్పట్లూ రెండూ వచ్చేవి.

నాన్న వచ్చి పక్కన కూర్చున్నాడు. "ఏటిరా అలా కూకున్నావు?"

చెప్పాను.

"తప్పు ఎక్కడ మొదలైనాదో తెలుసునా నీకు?"

"తెలుసు. ప్రతి ఫ్రెట్‌కీ పావు."

"తెలిసినోడివి కొత్తది కొంటావేటి? గుర్రాన్ని ముందుకి జరుపు."

వీణలో బ్రిడ్జిని గుర్రం అంటారు. కాగితం మీద లెక్క వేసి చూశాను. నా 12వ ఫ్రెట్ 428.8 దగ్గర ఉంది. తీగ మొత్తం పొడవు దానికి రెట్టింపు, అంటే 857.6 అయితే చాలు. బ్రిడ్జిని 6 మిల్లీమీటర్లు ముందుకి జరిపితే 12 సరిపోతుంది. మిగతావి? నా తప్పు ఒకే తీరుగా పెరుగుతూ వచ్చింది కాబట్టి అవీ చాలావరకు సర్దుకుంటున్నాయి. బాగా పైనున్న ఫ్రెట్ల దగ్గర మాత్రం అయిదారు సెంట్ల తేడా మిగులుతోంది. బేస్‌లో అక్కడికి మనం అరుదుగా వెళ్తాం. పాత స్క్రూ రంధ్రాలకి టేకు పుల్లలు కొట్టి పూడ్చి, కొత్తవి వేశాం. శ్రుతి కలిసింది.

తర్వాత చదివితే ఇంకో సంగతి తెలిసింది. గెలీలియో తండ్రి విన్సెంజో గెలీలీ సంగీతజ్ఞుడు. 16వ శతాబ్దంలో ఆయన ల్యూట్ అనే వాద్యానికి ఫ్రెట్లు పెట్టేందుకు 18తో భాగించే పద్ధతి చెప్పాడు. తర్వాత వాద్యాలు చేసేవాళ్లు చాలాకాలం ఆ లెక్కే వాడారు. 17.817 కన్నా 18తో పని తేలిక కదా. ఆ లెక్క నా బేస్‌కి వేస్తే 12వ ఫ్రెట్ 3 మిల్లీమీటర్ల చిల్లర తక్కువలో పడుతుంది. దాదాపు నా తప్పంతే! అంటే ఆ లెక్కతో పనిచేసినవాళ్లందరూ ఏదో ఒక రూపంలో మా నాన్న చెప్పిన సర్దుబాటు చేసుకునే ఉంటారు.

నేను చెప్పదలచుకున్నది ఇక్కడుంది. కొన్న ప్రాజెక్టు పాడైతే మనం చెయ్యగలిగింది ఒక్కటే, ఇంకొకటి కొనడం. మనం చేసినదాని తప్పుకి ఒక ఆకారం ఉంటుంది. ఎక్కడ మొదలైంది, ఎటు పెరిగింది అన్నది మన చేతికి తెలుసు. అది తెలిసినవాడే సరిచెయ్యగలడు. ఇంజనీర్‌కి జీతం ఇచ్చేది దీనికేనని నా నమ్మకం. అంతా సరిగ్గా ఉన్నప్పుడు మనతో ఎవరికీ పనిలేదు.

'కస్టమ్' అనే మాట మీద కూడా నాకో అభిప్రాయం ఉంది. మనవాళ్లకి కస్టమ్ అంటే రంగు, స్టిక్కర్, పేరు చెక్కించుకోవడం. ఏ చెక్కయితే ఏ టోన్ వస్తుందని రాత్రి రెండింటిదాకా కొట్టుకుంటాం కానీ, ఫ్రెట్‌కి తీగ ఎంత ఎత్తులో ఉందో ఒక్కసారీ కొలవం. అంథొనీ జాక్సన్ అనే బేస్ వాదకుడికి నాలుగు తీగలు చాలలేదు. 1970లలో కార్ల్ థాంప్సన్ అనే పనివాడి దగ్గరికి వెళ్లి ఆరు తీగల బేస్ చేయించుకున్నాడు. అతనికి కావలసిన స్వరాలు ఉన్న వాద్యంలో లేవు, అందుకని కొత్తది చేయించుకున్నాడు. కస్టమ్ అంటే అదీ. అవసరం ముందు, వస్తువు తర్వాత. నా బేస్ తీగ పొడవు 857.6 మిల్లీమీటర్లు. అది మాత్రం అవసరం కొద్దీ వచ్చిన కొలత కాదు, తప్పు వల్ల వచ్చింది. దాన్ని గొప్పగా చెప్పుకోను. రెండో నెక్ చేసినప్పుడు అన్ని ఫ్రెట్లూ నట్ నుంచే కొలుస్తాను.

మీరు అనబోయేవి నాకు తెలుసు. చవక కాదు కదా? కాదు. నాకు రూ. 11,400 అయింది. అంతకన్నా తక్కువలో సెకండ్‌హ్యాండ్ బేస్ దొరుకుతుంది. సీఎన్‌సీ ఇంతకన్నా బాగా కోస్తుంది కదా? కోస్తుంది. చేత్తో చేసినంత మాత్రాన ఏదీ గొప్పదైపోదు. అందరికీ వడ్రంగి నాన్న ఉండడు కదా? ఉండడు, ఒప్పుకుంటాను. కానీ మన కాలేజీలో వర్క్‌షాప్ ఉంది. మొదటి ఏడాది ఒక చెక్క జాయింట్ చేయించి, ఆ తర్వాత మూడేళ్లూ దానికి తాళం వేసి ఉంచుతాం. బేస్ గిటారే చెయ్యక్కర్లేదు. స్టూలు చెయ్యండి, రేడియో చెయ్యండి, పాత ఫ్యాన్‌కి వైండింగ్ చుట్టండి.

అందుకని మన డిపార్ట్‌మెంట్లని అడగాల్సినవి రెండే. ఒకటి, వారంలో రెండు సాయంత్రాలు వర్క్‌షాప్ తెరిచి ఉంచాలి. రెండు, వైవాలో మొదటి ప్రశ్న "పనిచేస్తోందా?" కాకుండా "ఎక్కడ తప్పింది, ఏం చేశావు?" అని ఉండాలి. కొన్నవాడు ఆ ప్రశ్నకి రెండు నిమిషాలు కూడా నిలబడలేడు. చేసినవాడు గంటసేపు చెప్తాడు.

నా వైవాలో నేను ఎవరూ అడక్కుండానే ఆ ఆరు మిల్లీమీటర్లూ చెప్పాను. ఎగ్జామినర్ "అయితే డిజైన్ ప్రకారం రాలేదన్నమాట" అని రాసుకున్నారు. నాకు 71 వచ్చాయి. కొన్న లైన్ ఫాలోయర్ పెట్టిన పక్క టీముకి 92. కొంచెం మండింది, దాచను.

ప్రాజెక్ట్ రిపోర్టులో 'కృతజ్ఞతలు' పేజీ ఉంటుంది కదా, ప్రిన్సిపాల్‌తో మొదలయ్యేది. అందులో చివర నాన్న పేరు రాసి, పక్కన 'వడ్రంగి' అని పెట్టాను. ఒక కాపీ ఇంటికి పంపాను. ఆయన ఇంగ్లీషు చదవలేడు. చెల్లి చదివి వినిపించిందట. ఆ సాయంత్రం ఫోన్ చేసి ఒకటే అడిగాడు: "రెండోది ఎప్పుడు మొదలెడదాం?"