పీతల పడవలకు పేర్లు పెట్టే ముందు

జియోకాషింగ్ అన్న ఆట మీలో కొందరికి తెలిసే ఉంటుంది. ఒకరు ఒక డబ్బాను ఎక్కడో దాచి, ఆ చోటి అక్షాంశ రేఖాంశాలను ప్రకటిస్తారు. తక్కినవారు జీపీఎస్ పట్టుకుని వెతికి, అందులోని పుస్తకంలో సంతకం చేసి వస్తారు. 2000 మే నెలలో అమెరికాలో పుట్టిందీ ఆట. (నేను దీన్ని 'దాపుడాట' అంటున్నాను. ఇంతకన్నా మంచి మాట తడితే చెప్పండి.)

ఇప్పుడు ఒక మిత్రుడు కోరింగ మడ అడవుల్లో వరుసగా డబ్బాలు దాచి, వాటికి నార్త్‌వెస్టర్న్, టైమ్ బ్యాండిట్, కార్నీలియా మేరీ అని పేర్లు పెడతానంటున్నాడు. 2005లో మొదలైన 'డెడ్లియెస్ట్ క్యాచ్' చూసినవారికి ఇవి బేరింగ్ సముద్రంలో పీతలు పట్టే ఓడలని వేరే చెప్పనక్కరలేదు.

ఆ ఓడల మీద నాకు కోపం లేదు. అక్కడి ప్రమాదమూ నిజమే. అయితే ఆ వీరత్వమంతా పీత ఉన్నన్నాళ్ళే: సముద్రం వేడెక్కి మంచుపీతలు నశించాక, 2022లో అలాస్కాలో వాటి వేటనే ఆపేశారు. నా అభ్యంతరం మరొకటి. ఓడ లేదు గనుక మన పీతలవాడిది సాహసం కాదనుకోవడం ఏమి న్యాయం?

కోరింగలో మండపీతకోసం వెళ్ళేవాడు పాటు సమయంలో నాటుపడవ దిగి, బురదలో బొరియ వెతికి, ఇనుప కొక్కెంతో దాన్ని బయటికి లాగుతాడు. డెక్కలు వెంటనే తాడుతో కట్టకపోతే వేలు దక్కదు. ప్రాణంతో ఉంటేనే ధర. కెమెరాకు ఇందులో బురద తప్ప ఏం కనిపిస్తుంది!

ఇక ప్రమాదమంటారా? 1996 నవంబరు 6న తుఫాను కాకినాడకు దక్షిణాన తీరం దాటింది. వెయ్యిమందికి పైగా పోయారు. భైరవపాలెం, బలుసుతిప్ప ఊళ్ళనుంచి వేటకు వెళ్ళినవారు ఎందరో తిరిగి రాలేదు. వారి పడవల్లో ఒక్కదాని పేరూ నాకు తెలియదు. టైమ్ బ్యాండిట్ మాత్రం కంఠస్థం. సిగ్గుపడుతూనే రాస్తున్నాను.

పైగా కోరింగ 1978 నుంచి అభయారణ్యం. అనుమతి లేనిదే డబ్బా దాచరాదని ఆ ఆట నియమాలే చెబుతాయి. రోజుకు రెండుసార్లు పోటెత్తే చోట ప్లాస్టిక్ డబ్బా ఎంతసేపు నిలుస్తుంది? చివరికి ఏ పీతలవాడి వలలోనో చిక్కుకుంటుంది.

ఆట మానమనలేదు. అడవి జోలికి పోక, తాళ్ళరేవు రోడ్డు పక్కనే, స్థలం గలవారిని అడిగి డబ్బాలు పెట్టుకో అన్నాను. పేర్లు మాత్రం భైరవపాలెం రేవులో పెద్దలను అడిగి రాసుకు రమ్మన్నాను. "నీకంత పట్టింపైతే నువ్వే వెళ్ళు" అన్నాడు. వచ్చే ఆదివారం వెళుతున్నాను.