వాపు ఒకటే... మందు ఒకటి కాదు!

పది రోజులుగా తలనొప్పి. మందుల షాపులో అడిగి తెచ్చుకున్న మాత్ర వేసుకుంటే ఓ పూట తగ్గుతుంది, మర్నాడు మళ్లీ మొదలు. సాయంత్రమయ్యేసరికి కాస్త జ్వరం. ఆపైన వాంతులు. 'ఎండ దెబ్బేమో' అని ఒకరు, 'నిద్ర చాల్లేదేమో' అని ఇంకొకరు. ఓ రోజు పొద్దున లేచి కన్నబిడ్డల పేర్లే తడబడితే అప్పుడు పరుగు పరుగున ఆసుపత్రికి! డాక్టరు అన్నీ అడుగుతారు. పక్కనే నిలబడ్డ భార్యకు ఒక సంగతి తెలుసు. భర్తకు హెచ్‌ఐవీ ఉందని, మందులు ఆపేసి చాలాకాలమైందని. చుట్టూ బంధువులు. చెప్పాలా, వద్దా?

చెప్పాలి. అందరి ముందూ కాకపోతే డాక్టరును పక్కకు పిలిచైనా చెప్పాలి. ఎందుకంటే హెచ్‌ఐవీ ఉన్నవారికి మెదడులో వాపు వస్తే కారణాలు వేరు, చేయాల్సిన పరీక్షలు వేరు, మందులు వేరు.

కాపలా తగ్గితే...
సీడీ4 కణాలు మన ఒంటికి కాపలాదారులు. ఆరోగ్యవంతుల్లో ఒక ఘనపు మిల్లీమీటరు రక్తంలో సుమారు 500 నుంచి 1,500 దాకా ఉంటాయి. హెచ్‌ఐవీకి చికిత్స తీసుకోకపోతే ఏళ్లు గడిచేకొద్దీ ఇవి తగ్గిపోతాయి. 200 కంటే కిందికి, అందులోనూ 100 కంటే కిందికి దిగితే, అప్పటిదాకా ఒంట్లో అణిగి ఉన్న క్రిములు తలెత్తుతాయి. మెదడు మీద పడేవాటిలో ముఖ్యమైనవి మూడు: టీబీ, టాక్సోప్లాస్మా, క్రిప్టోకాకస్‌.

టీబీ మెదడు పొరలకు పాకితే ఊపిరితిత్తుల టీబీలా ఆరు నెలల మందులు సరిపోవు. సాధారణంగా ఏడాది వరకూ వాడాల్సి ఉంటుంది. టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి పిల్లుల మలంతో కలుషితమైన మట్టి నుంచి, సరిగా ఉడకని మాంసం నుంచి వస్తుంది. దీనివల్ల ఒకవైపు కాలూచేయీ పడిపోవచ్చు, ఫిట్స్‌ రావచ్చు. స్కానింగ్‌లో మెదడులో ఉంగరాల్లాంటి మచ్చలు కనిపిస్తాయి. చూసి హడలిపోతాం గానీ, చవగ్గా దొరికే కోట్రైమోక్సజోల్‌తోనే చాలామంది రెండు వారాల్లో తేరుకోవడం మొదలుపెడతారు. చికిత్స మాత్రం కనీసం ఆరు వారాలు సాగాలి.

పావురాల రెట్టలో ఫంగస్‌
మూడోది క్రిప్టోకాకస్‌. ఇదో ఫంగస్‌. మట్టిలో, పావురాల రెట్టల్లో ఉంటుంది. గాలితోపాటు ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది. ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు. ఆరోగ్యవంతుల్లో ఊరికే పడి ఉంటుంది. కాపలా లేనిచోట మెదడు పొరలకు చేరి, తలలో ఒత్తిడి పెంచేస్తుంది. భరించలేని తలనొప్పి, చూపు మసకబారడం ఈ ఒత్తిడి వల్లే.

నడుములో సూది గుచ్చి వెన్నునీరు తీస్తామంటే మనవాళ్లు వణికిపోతారు. 'నడుం పడిపోతుందట' అని సంతకం పెట్టనివాళ్లూ ఉన్నారు. నిజానికి ఈ జబ్బులో ఆ సూది పరీక్షే కాదు, వైద్యం కూడా. నీరు తీస్తే ఒత్తిడి దిగుతుంది. అవసరమైతే రోజూ తీయాల్సి రావచ్చు. ఎప్పుడు తీయవచ్చో, ఎప్పుడు తీయకూడదో వైద్యులు చూసుకునే చేస్తారు.

రోజుల తరబడి కాదు... ఒక్కసారే!
దీనికి అసలు మందు ఆమ్ఫోటెరిసిన్‌ బి. వెనిజులాలో ఒరినోకో నది దగ్గర తీసిన మట్టిలోని సూక్ష్మజీవి నుంచి 1950ల్లో దీన్ని వేరుచేశారు. ఫంగస్‌ను చంపుతుంది, కానీ మహా మొండి మందు. ఎక్కిస్తుంటే చలి, వణుకు. కిడ్నీలు దెబ్బతింటాయి, పొటాషియం పడిపోతుంది, రక్తం తగ్గుతుంది. అదే మందును కొవ్వు పొరల్లో చుట్టి తయారుచేసిన లైపోసోమల్‌ రకం వచ్చాక ఈ బాధలు తగ్గాయి.

ఇంతకంటే పెద్ద కబురు ఆఫ్రికా నుంచి వచ్చింది. బోట్స్‌వానా, మలావీ, దక్షిణాఫ్రికా, ఉగాండా, జింబాబ్వేల్లో 844 మందిని రెండు జట్లుగా చేశారు. ఒక జట్టుకు పాతరకం సూదిమందు ఏడు రోజులు ఎక్కించారు. రెండో జట్టుకు లైపోసోమల్‌ రకాన్ని ఎక్కువ మోతాదులో ఒకే ఒక్కసారి ఇచ్చి, ఫ్లూసైటోసిన్‌, ఫ్లుకొనజోల్‌ మాత్రలు 14 రోజులు వాడారు. పది వారాల్లో పాత పద్ధతిలో 28.7 శాతం మంది చనిపోగా, కొత్త పద్ధతిలో 24.8 శాతం. ప్రాణాలు కాపాడటంలో ఏమాత్రం తీసిపోలేదు, దుష్ప్రభావాలు మాత్రం బాగా తగ్గాయి. 2022లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. అదే ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ పద్ధతినే మొదటి ఎంపికగా సిఫారసు చేసింది. ఫ్లూసైటోసిన్‌ అన్నిచోట్లా దొరకదు. దొరకనప్పుడు సూదిమందుకు ఫ్లుకొనజోల్‌ను జోడిస్తారు. రెండు వారాలతో పని అయిపోదు. ఆ తర్వాత కూడా ఫ్లుకొనజోల్‌ నెలల తరబడి వాడాల్సిందే.

తొందరపడితే ముప్పే
'వాపే కదా, స్టెరాయిడ్‌ ఇస్తే తగ్గదా?' అనిపించడం సహజం. వియత్నాం, థాయ్‌లాండ్‌ సహా ఆరు దేశాల్లో క్రిప్టోకాకస్‌ రోగులకు డెక్సామెథాసోన్‌ ఇచ్చి చూశారు. మేలు లేకపోగా వైకల్యాలు పెరగడంతో పరిశోధనను మధ్యలోనే ఆపేశారు. 2016లో ప్రచురించారు. వాపు తగ్గించే మందే ఫంగస్‌కు ఊతమిచ్చింది! డాక్టరుకు హెచ్‌ఐవీ సంగతి దాచిపెడితే ఎంత ముప్పో దీన్నిబట్టే తెలుస్తుంది.

మరో చిత్రం. హెచ్‌ఐవీ బయటపడగానే ఏఆర్‌టీ మందులు మొదలుపెట్టడం మంచిదే. కానీ క్రిప్టోకాకస్‌ మెదడుకు చేరినవారిలో నాలుగు నుంచి ఆరు వారాలు ఆగుతారు. ఉగాండా, దక్షిణాఫ్రికాల్లో జరిపిన పరిశోధనలో వెంటనే మొదలుపెట్టినవారిలో ఆరు నెలల్లో 45 శాతం మంది చనిపోతే, ఆగి మొదలుపెట్టినవారిలో 30 శాతం. ఆలస్యం చేస్తున్నారని డాక్టరు మీద కోపగించుకోవద్దు. అలాగని ఇప్పటికే వాడుతున్న మందులు సొంతంగా ఆపనూ వద్దు.

ఏ క్రిమీ లేకపోయినా వైరస్‌ వల్లే మెదడులో వాపు రావచ్చు. మతిమరుపు, నడకలో మందకొడితనం, ముభావంగా ఉండటం దీని గుర్తులు. దీనికి ప్రత్యేకమైన వాపు మందులు ఇప్పటివరకూ అక్కరకు రాలేదు. మినోసైక్లిన్‌ను పరీక్షించి చూసినా ఫలితం లేకపోయింది. ఏఆర్‌టీని క్రమం తప్పకుండా వాడటమే అసలు వైద్యం.

ఇవి గుర్తుంచుకోండి
* హెచ్‌ఐవీ ఉన్నవారికి తలనొప్పి వదలకుండా వేధిస్తున్నా, జ్వరం, వాంతులు, చూపు మసక, ఫిట్స్‌, మాట తడబాటు కనిపించినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

* సీడీ4 కణాలు 200 కంటే తక్కువుంటే క్రిప్టోకాకస్‌ రక్తపరీక్ష గురించి అడగండి. లక్షణాలకు కొన్ని వారాల ముందే జాడ పట్టేస్తుంది. అప్పుడు మాత్రలతోనే మెదడు జబ్బును అడ్డుకోవచ్చు.

* ఏఆర్‌టీ మందులు ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం. మధ్యలో మానేసినవాళ్లు మొహమాటపడక మళ్లీ వెళ్లండి. సందేహాలుంటే 1097కు ఫోన్‌ చేయొచ్చు.

* 2017 నాటి హెచ్‌ఐవీ చట్టం ప్రకారం హెచ్‌ఐవీ ఉందన్న కారణంతో వైద్యం నిరాకరించకూడదు. చట్టం చెప్పిన కొన్ని సందర్భాల్లో తప్ప, రోగి అనుమతి లేకుండా ఆ సంగతి ఇతరులకు చెప్పకూడదు.

పరువు పోతుందని దాచే ఆ ఒక్క మాటే సరైన మందుకు దారి చూపిస్తుంది. చుట్టాలకు చెప్పాలో వద్దో తర్వాత ఆలోచించుకోవచ్చు. డాక్టరుకు మాత్రం ముందే చెప్పేయండి.